కళ్ళజోళ్ళ అబ్బాయి సాక్ష్యం

సినిమా చివర్లో హీరో ఊరందరి ముందు నిలబడి, "ఈ అమ్మాయికీ నాకూ మధ్య ఏమీ లేదు" అని ప్రమాణం చేశాడు. అందరి నోళ్ళూ మూతపడ్డాయి. ఆగిన పెళ్ళి జరిగిపోయింది. మా అమ్మాయి పెళ్ళిని కూడా ఇలాగే నిలబెట్టాలని, కళ్ళు తుడుచుకుంటూ అక్కడే నిశ్చయించుకున్నాను.

కళ్ళజోళ్ళ షాపులో పనిచేసే అబ్బాయి రెండు చేతులూ మా అమ్మాయి చెవుల దగ్గర ఉండగా ఎవరో చూశారట. కళ్ళజోడు సరిచేసేవాడి చేతులు మోకాళ్ళ దగ్గరుంటాయా? కానీ ఆ మాట వీధి చివరికి చేరేసరికి కౌగిలింతయింది. కుదిరిన సంబంధం వాళ్ళు, "ముందు ఈ సంగతి తేల్చండి" అని కబురు పెట్టారు. మూడు రోజులు నాకు ముద్ద దిగలేదు.

నాలుగో రోజు పెళ్ళికొడుకు తల్లిని వెంటబెట్టుకుని ఆ షాపుకు వెళ్ళాను. మా అమ్మాయి వద్దంటూనే వెనకాల వచ్చింది.

"బాబూ, నువ్వు చేసింది కళ్ళజోడు సరిచెయ్యడమేనని వీరికి చెప్పు. ఒక్క మాట చాలు."

అతను చేతిలోని చిన్న స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టాడు. "అంతేనండీ. తప్పుగా ఒక్క మాటైనా అనలేదు."

"విన్నారుగా వదినగారూ" అన్నాను. పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

"ఇంకా ఉందండీ" అన్నాడతను. "మీ అమ్మాయిగారు నాలుగుసార్లు వచ్చారు. మొదటిసారే గట్టిగా బిగిస్తే సరిపోయేది. మళ్ళీ వస్తారని నేనే కాస్త వదులుగా ఉంచాను."

"నాయనా, నీకు పుణ్యముంటుంది, ఊరుకో. మా కొంప కూలుతుంది."

"ఏమీ లేదని ఎలా చెప్పనండీ? మీ అమ్మాయిగారి తప్పేం లేదు. అంతా నాదే."

"అంతా మీదే ఎలా అవుతుంది?" అంది మా అమ్మాయి. "మూడోసారి భయపడి గట్టిగానే బిగించారుగా. ఇంటికెళ్ళి కత్తిమొనతో నేనే వదులు చేసుకున్నాను."

"మరి చెప్పలేదే?" అన్నాడతను.

"మీరు చెప్పారా?"

పెళ్ళికొడుకు తల్లి లేచింది. "సంగతి తేలిందమ్మా. మావాడికి వేరే చూసుకుంటాం" అని వెళ్ళిపోయింది. వదినగారూ అని కూడా అనలేదు.

నేను స్టూలు మీద కూలబడ్డాను. బయట అప్పుడే నలుగురు పోగయ్యారు. రేపటినుంచి ఎవరింటికెళ్ళను, ఎవరి మొహం చూడను? ఏడుస్తుందేమోనని మా అమ్మాయి వైపు చూశాను. సంబంధం కుదిరినప్పటినుంచి వంచిన తల ఎత్తని పిల్ల, తలెత్తి అతన్ని చూస్తోంది. ఇన్నాళ్ళూ అది సిగ్గనుకున్నాను. తల్లినై ఉండి.

"మీ అమ్మగారు ఇంట్లో ఉన్నారా బాబూ?"

"ఉందండీ. కానీ నలుగురి మాటలంటే ఆమెకు మహా భయం."

"నాకంటేనా? పద, ఇద్దరం ఒకచోట కూర్చుని భయపడతాం."

అతను షాపు అద్దంలోంచి బయటికి చూశాడు. "వెనకవైపు కూడా దారుందండీ."

అమ్మాయి చెయ్యి పట్టుకుని లేచాను.

"ముందునుంచే పోదాం. చూసేవాళ్ళని ఈసారి సరిగ్గా చూడనీ."