దేవదాసు లోపలనే ఉన్న గేటు

ఈ ముచ్చట నాకు మొదాలు చెప్పింది యాదవ్వ. బెల్లంపల్లి అవుతల మూతపడ్డ బొగ్గుబాయి కాడ ఊడ్చే మనిషి. ఉన్నదానికి ఇంకోటి అతికిచ్చే రకం కాదు, అందుకే నమ్మిన.

ఆ బాయి గేటు దిక్కు చీకటి పడ్డంక ఎవలూ పోరు. అక్కడ చచ్చినోడు డ్యూటీ ఎక్కుతడంటరు...

కావలి ఇద్దరు — పగలు దేవదాసు, రాత్రి మా రాయమల్లు. ఇద్దరూ ఒకప్పుడు బాయిల జోడిగ బొగ్గు కొట్టినోళ్లే. డ్యూటీ ఎక్కినా దిగినా గేటు కాడ హాజరు యంత్రం మీద వేలు పెట్టాలె. పక్కన కంప్యూటర్ల పేరు పడ్తది.

ఓనాడు పొద్దుగాల దేవదాసు వేలు పెట్టి లోపలికి పోయిండు. పగటీలి గుండె ఆగింది. మోసుకపోయిండ్రు. బయటికి పోయినట్టు వేలు పడలే.

పాడె మోసొచ్చి, పొద్దుమీకి రాయమల్లు వేలు పెట్టిండు.

తెర మీద పడ్డది — ‘దేవదాసు... లోపలికి.’

తెల్లారి అదే. మళ్ల రాత్రి అదే... దేవదాసు జాగల ఇంకెవలినీ పెట్టలే. చెప్తె వినేటోడు లేడు.

బాయి మీద మాకో కట్టుబాటుంది. లోపల మనిషున్నడంటే గేటుకు తాళం పడద్దు. రాయమల్లు వెయ్యలే. రాత్రంత చీకట్లకు మొఖం పెట్టి మెల్లగ పిలిచేటోడు —

“దేవన్నా... ఇగ పైకి రా.”

ఓ రాత్రి తెరిచిన గేట్లకెళ్లి దొంగలు రాగితీగలు కొట్టుకపోయిండ్రు. తాగి పండి దయ్యం మీద పెడ్తున్నవని మేనేజరు రాయమల్లును తీసేసిండు. ఆ సారు పేరు నేను పలుక. రాయమల్లు కల్లు సుత ముట్టడు.

తర్వాత యంత్రం బాగుచేయనీకి కరీంనగర్ నుంచి మధులిక అనే పిల్ల వచ్చింది. యాదవ్వ పోయి రాయమల్లును పిలుసుకొచ్చింది. వైరును ఎలుక కొరికిందట. యంత్రం మాటను కంప్యూటరుకు మోసే డ్రైవరని లోపల ఒక ప్రోగ్రాం ఉంటదట. యంత్రం పలకకుంటే పలకలేదని అది చెప్పాలె. చెప్పక, కడపట విన్న పేరే మళ్ల మళ్ల అప్పజెప్తుందట. ఆ పిల్ల డ్రైవరును సరిచేసి, వైరు గట్లనే ఉంచి, రాయమల్లును వేలు పెట్టమన్నది.

‘యంత్రం పలుకుత లేదు’ అని పడ్డది.

నీ దయ్యం ఎలుక పళ్ల కింద పడ్డది మామా అని యాదవ్వ నవ్విందట.

రాయమల్లు నవ్వలే. తెర దిక్కే చూసుకుంట, గొంతు దించి అడిగిండట —

“అంటే... గన్ని రాత్రులు నేనొక్కణ్నే ఉన్ననా, బిడ్డా?”



మేనేజరు అంతా విని, సరే అని జీపెక్కిండు. తాగిండన్న మాట మాత్రం ఆఫీసు కాయితంల గట్లనే ఉంది. నాకు రెండు అక్షరాల కన్న ఎక్కువ రావు. చదువొచ్చినోళ్లెవలన్న పోయి దిద్దియ్యుండ్రి — రాయమల్లు తాగలే. లోపల మనిషున్నడని తాళం వెయ్యలే.