ఫోన్ రాని నాలుగో సాక్షి

తెనాలిలో ప్రైవేటు డిటెక్టివ్ భ్రమరాంబ ఆఫీసు గదిలోకి వచ్చిన కమలమ్మ కుర్చీలో కూర్చోలేదు. ముందు వీధివైపు కిటికీ మూసింది. ఆమెను రేపల్లె నుంచి వెంటబెట్టుకొచ్చిన ఇర్షాద్‌కి ఆ భయం చూసి రక్తం మరిగింది. మూడేళ్లుగా అతను భ్రమరాంబకి అసిస్టెంటు. ఆవిడ చెప్పిందంటే అతనికి రాతి మీద గీతే.

“సాక్ష్యం నావల్ల కాదు తల్లీ. ఫోన్ చేసి బెదిరిస్తన్నారు. నా పేరు కొట్టేయించు,” అంది కమలమ్మ.

సంగతేమిటంటే, రెండు నెలల క్రితం రేపల్లె ప్రైవేటు బస్సు కాలవలో పడింది. ఎమర్జెన్సీ తలుపు తెరుచుకోలేదు. ఓనరు అనుదీప్ దానికి అడ్డంగా ఇంకో సీటు బిగించి, గడియకి ఇనప తీగ చుట్టించాడు. కమలమ్మ అక్క ఆ తలుపు బాదీ బాదీ చచ్చిపోయింది. ఇద్దరు ఎక్కువ పడతారని బతికే దారి మూసేసి, దాన్ని ప్రమాదం అంటే నోట్లో పురుగులు పడవూ?

బతికి బయటపడ్డ నలుగురు రవాణా శాఖకి ఫిర్యాదు రాశారు. కమలమ్మ, మత్తయి, హైమావతి, కాగితం అట్టడుగున రిటైర్డ్ టీచరు ప్రకాశరావు. వాళ్లచేత రాయించింది ఇర్షాదే. బాపట్ల ఆఫీసులో కాగితం ఇచ్చిందీ, ఇస్తూ ఫోటో దిగిందీ అతనే. పేర్లు బయటికి పొక్కనివ్వనని అధికారి మాటిచ్చారు. గురువారం విచారణ. సాక్షులు నోరు మెదపకపోతే ఆ బస్సులు అలాగే తిరుగుతాయి.

“ఏమన్నారు ఫోన్లో?” అడిగింది భ్రమరాంబ.

“అక్క పోయింది చాలదా, నువ్వూ పోతావా అన్నాడమ్మా. మత్తయితోనైతే, మీ పిల్ల మా బస్సులోనేగా కాలేజీకెళ్లేది అన్నాడంట. హైమావతికీ వచ్చింది.”

“ఫోన్ నీదేనా?”

“నాకేడిది? పక్కింటి ఇమాం బీది. ఆ కాగితమ్మీద తప్ప ఆ నంబరు నేనెవరికీ ఇవ్వలా.”

“ప్రకాశరావు గారికి?”

“ఆయనకి రాలేదంట.”

ఇర్షాద్ బల్ల మీద గుద్దాడు. “దొరికాడు మేడమ్!”

మధ్యాహ్నానికల్లా ఇద్దరూ మాస్టారి ఊరు అంగలకుదురులో ఉన్నారు. ప్రకాశరావు అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. భ్రమరాంబ నోరు విప్పేలోపే ఇర్షాద్ అందుకున్నాడు.

“మీకొక్కరికే ఫోనెందుకు రాలేదండి మాస్టారూ?”

“నాకేం తెలుసయ్యా?”

“ఎంతకి అమ్మేశారండి మమ్మల్ని?”

వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. మాస్టారు కళ్లజోడు తీసి, పంచె అంచుతో చాలాసేపు తుడిచాడు. “గురువారం బాపట్ల వస్తాను. అక్కడ మాట్లాడదాం,” అని లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు.

తిరుగుదారిలో భ్రమరాంబ అంది: “అమ్ముడుపోయినవాడు తన ఛార్జీలు తను పెట్టుకుని సాక్ష్యానికి వస్తానంటాడా?”

ఇర్షాద్ ఫోన్ తీసి కెలకసాగాడు.

“సరేగానీ, కాగితం ఇచ్చిన రోజు ఫోటో నాకు పంపించు. ఫేస్‌బుక్‌లో పెట్టావే, అది.”

“బాగా వచ్చింది కదా మేడమ్!” అంటూ సంబరంగా పంపించాడు.

గురువారం మత్తయి రాలేదు, హైమావతి రాలేదు. మాట్లాడక్కర్లేదు, వచ్చి కూర్చుంటే చాలని భ్రమరాంబ బతిమాలితే కమలమ్మ వచ్చి గోడ పక్కన కూర్చుంది.

“చూశారుగా సార్, నిజం తెలిసి వాళ్లే తప్పుకున్నారు,” అన్నాడు అనుదీప్ నవ్వుతూ.

భ్రమరాంబ అధికారి అనుమతి అడిగి లేచింది. “వాళ్లని బెదిరించిన నంబరు ఇదండి. ఇది అనుదీప్ గారి బస్సు టికెట్టు. వెనక పార్సిల్ బుకింగ్ నంబరు చూడండి. రెండూ ఒకటే. కొత్త సిమ్ కొనడానికి కూడా బద్ధకమే ఈయనకి.”

అనుదీప్ నవ్వు ఆగింది.

“ఇక పేర్లు ఎలా తెలిశాయి? ఇమాం బీ నంబరు ఫిర్యాదు కాగితం మీద తప్ప ఎక్కడా లేదు. అంటే బెదిరించినవాడు ఆ కాగితం చూశాడు. మీ ఆఫీసులో చూసుంటే నాలుగు పేర్లూ దొరికేవి. దొరికింది మూడే. ప్రకాశరావు గారు చెప్పుంటే ఈపాటికి ఇంట్లో కూర్చునేవారు. మూడు పేర్లే కనబడే కాగితం ఎక్కడుంది?” ఆవిడ గొంతు తగ్గింది. “ఇర్షాద్, ఫోటో తీసి సార్‌కి చూపించు.”

ఇర్షాద్ ఫోన్ తీశాడు. వినతిపత్రం ఇచ్చేటప్పుడు కాగితం అధికారి వైపు కాదు, కెమెరా వైపు తిప్పి పట్టుకోవడం మన ఉద్యమాల ఆచారం. ఫోటోలో అతను ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. పెద్దది చేస్తే మూడు పేర్లు, మూడు నంబర్లు స్పష్టంగా కనబడుతున్నాయి. నాలుగో వరస మీద బొటనవేలు.

“వేలు ఎవరిది?” అడిగారు అధికారి.

“నాదేనండి.” అది అధికారికి వినబడలేదు. మళ్లీ చెప్పాడు. “నాదేనండి. పెట్టింది కూడా నేనే. ఆరొందల మంది లైక్ కొట్టారు.”

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. భ్రమరాంబ సైతం అతనివైపు చూడలేదు.

కమలమ్మ గోడ పట్టుకుని లేచింది. “నా పేరు ఊరంతా చూసినాక ఇంకెందుకు దాక్కోడం? రాసుకోండి బాబూ. తీగ నా కళ్లారా చూశా. మా అక్క గోళ్లు ఊడిపోయినయ్యి ఆ తలుపు మీద.”

ప్రకాశరావు కూడా చెప్పాడు. ఆ తీగ గురించి, సీటు గురించి, వివరంగా. మధ్యాహ్నానికే అనుదీప్ బస్సులన్నిటినీ ఆపెయ్యమని ఉత్తర్వు వచ్చింది. బెదిరింపుల మీద పోలీసు కేసు.

బయట మెట్ల మీద ఇర్షాద్ మాస్టారి కాళ్ల మీద పడబోయాడు. ఆయన వెనక్కి జరిగాడు.

“నాకెందుకయ్యా? నన్ను నువ్వు తిట్టావంతే. మత్తయి పదిరోజులుగా పిల్లని గడప దాటనివ్వట్లేదు. అక్కడికి పో.”

ఇర్షాద్ రేపల్లె చేరేసరికి ఇంకా వెలుతురుంది. మత్తయి ఇంటి తలుపు అప్పుడే గడియవేసి ఉంది. తట్టాడు. లోపల మాటలు ఠక్కున ఆగిపోయాయి. తలుపు తియ్యకుండానే ఒక ఆడపిల్ల గొంతు అడిగింది.

“ఎవరండీ?”

ఇర్షాద్ నోరు తెరిచాడు. తన పేరు బయటికి రాలేదు.