మూడుసార్లు అడిగే మనిషి వెల

మేనేజరు సత్యవేణి కుర్చీ వెనక గోడమీది వెలపలక నిమిషానికి పదకొండు రూపాయల నలభై చూపిస్తోంది. వరుసలో ముందున్న ముసలాయన జల్లెడ వైపు తిరక్కుండా ఆ అంకెనే చదువుతున్నాడు.

"నెలకెంతవుద్దమ్మా నీకు?"

"సాయంత్రానికి తేలుద్దండి. ముందు అటు తిరగండి, జల్లెడ అడుగుతోంది."

రోగుల్ని వడకట్టడానికి గుమ్మానికి అమర్చిన ఆ జల్లెడ యంత్రం ఆయన ఊపిరి వాసన చూసి, "ఎలా ఉన్నారు?" అంది.

"బానే ఉన్నానండి," అన్నాడాయన, పొట్టమీద చెయ్యి అడ్డం పెట్టుకుని.

పచ్చ చీటీ బయటికొచ్చింది. అంటే ఇంటికి పొమ్మని. సత్యవేణి ముద్ర వేసింది. పలక పదకొండు యాభైకి ఎక్కింది.

ఇవాళ కొలతరోజు. సముద్రం అంతర్వేది దాటి లోపలికొచ్చాక గట్టుమీద కట్టిన మూడువందల పన్నెండు వైద్యశాలల్లో, మేనేజర్ల మూడేళ్ళ జీతం ఈ ఒక్కరోజు పనితోనే ఖాయమవుతుంది. వరుస ఎంత జోరుగా కదిలితే వెల అంత ఎక్కువ. లోపలి గదిలో డాక్టరుగారి నెత్తిమీద మాత్రం ఏ పలకా లేదు. ఆయన జీతం ఆయనకూ ఆ పైవాడికే ఎరుక.

కిందటి కొలతరోజున సత్యవేణి వెల అందరికన్నా అడుగున పడింది. అడిగిందే మళ్ళీ అడగడం ఆమె అలవాటు. యంత్రం దానికి 'పునరుక్తి' అని పేరుపెట్టి ప్రతి ప్రశ్నకూ కోత కోసింది. ఆ కోతతోనే మూడేళ్ళు నెట్టుకొచ్చింది. ఈలోగా కుడికంట్లో శుక్లం ముదిరింది. ఆసుపత్రిని నడిపే మనిషికి ఆసుపత్రిలో ఆపరేషను చేయించుకునే తాహతు లేదు. నూతికి కాపలా పెట్టి గుక్కెడు నీళ్ళు ఇవ్వకపోవడమంటే ఇదే. అందుకే ఈసారి పొద్దున్నే ఒట్టు పెట్టుకుని వచ్చింది. ఎవరినీ తాను అడగదు. జల్లెడ అడిగిన ఒక్కసారే చాలు.

ఇక్కడి మనుషుల సంగతి తెలియక కాదు. పంక్తిలో కూర్చోబెట్టి వడ్డిస్తే మొదటిసారి విస్తరిమీద చెయ్యి అడ్డం పెడతారు. రెండోసారి "చాలండి" అంటారు. మూడోసారికి గానీ చెయ్యి తియ్యరు. ఆకలినే అలా దాచుకునేవాళ్ళు నొప్పిని ఒక్కసారి అడిగితేనే బయటపెడతారా?

పన్నెండయ్యేసరికి నలభైమూడు పచ్చ చీటీలు వెళ్ళిపోయాయి. నేల తుడుస్తున్న ఇమ్మానియేలు కర్ర ఆపి పలక వంక చూశాడు.

"పద్నాలుగు దాటిందండోయ్ మేనేజరుగారూ! ఒక కన్నేంటండీ, రెండూ బాగుచేయించుకోవచ్చు."

"దిష్టి పెట్టకు. తుడువు."

అప్పుడే గంట మోగింది. గోడలోంచి గొంతు వినిపించింది. "ఈ వైద్యశాల నమూనాగా ఎంపికైంది. ఇప్పటినుంచి సాయంత్రం అయిదు వరకు మేనేజరు పనిచేసే పద్ధతే మూడేళ్ళపాటు అన్ని జల్లెడలకూ పద్ధతి."

సత్యవేణి కొంగుతో మొహం తుడుచుకుంది. నవ్వు దాచుకుందామన్నా దాగలేదు.

తరవాత వచ్చింది రొయ్యల షెడ్డులో పనిచేసే ధనకొండ. వేళ్ళు ఐసుగడ్డల చలికి పాలిపోయి ఉన్నాయి.

"ఏం లేదండి. కూసింత నీరసం," అంది జల్లెడతో.

పచ్చ చీటీ వచ్చింది. ధనకొండ చేతిసంచీని ఎడమచేతిలోంచి కుడిచేతికి మార్చుకుంది. మళ్ళీ ఎడమచేతిలోకి తీసుకోబోయి మానేసింది.

సత్యవేణి చేతిలో ముద్ర గాల్లోనే ఆగిపోయింది. ఈ ముద్ర పడితే ఒక్క ధనకొండే కాదు, మూడువందల పన్నెండు గుమ్మాల్లో ఎందరు ధనకొండలు మూడేళ్ళపాటు ఇలాగే వెనక్కి తిరిగిపోతారు? ముద్ర పక్కన పెట్టేసింది.

"ధనకొండా, ఎలా ఉంది?"

"బానే ఉందండి."

"ఎలా ఉంది?"

"ఫర్లేదండి. షెడ్డుకి ఆలస్యమైతే ఈ రోజు కూలి పోద్ది."

పలక పన్నెండుకి జారింది. ఇమ్మానియేలు కర్ర ఎత్తి పలక చూపించాడు. సత్యవేణి బల్ల చుట్టూ తిరిగొచ్చి ధనకొండ మణికట్టు పట్టుకుంది.

"నేను అడుగుతున్నానమ్మా. ఎలా ఉంది?"

ధనకొండ చేతిసంచీ బల్లమీద పెట్టేసింది. "తెల్లారగట్ల నుంచి గుండెమీద రోకలి పెట్టినట్టుందండి. ఎడం చెయ్యి నాది కానట్టుంది. ఇంట్లో చెప్పలేదు."

ఎర్ర చీటీ తనే చేత్తో రాసింది సత్యవేణి. ఇమ్మానియేలు కర్ర పారేసి, ధనకొండని బండెక్కించి తోసుకుంటూ లోపలికి పరిగెత్తాడు.

సత్యవేణి కుర్చీలో కూర్చోకముందే బల్లమీది తెరలో కేంద్రం నుంచి ఫణీంద్ర ప్రత్యక్షమయ్యాడు. జీతాల కొలత చూసే అధికారి. కొలతరోజున తప్ప మొహం చూపించడు.

"ఏంటండీ ఇది? ఒక్క మనిషికి తొమ్మిది నిమిషాలా? సాయంత్రందాకా మామూలుగా పనిచేయండి. తీరం మొత్తానికి మీదే పై జీతం."

"ఇదేనండి నా మామూలు. పొద్దున్న వేసింది వేషం."

"మీ పద్ధతి అన్ని జల్లెడలకీ పోతోందమ్మా! వరుసలు ఆగిపోతాయి."

"అయితే నమూనా తీసెయ్యండి."

"అయిదుదాకా తాళం పడింది. నా వల్ల కాదు."

"నా నోటికి తాళం లేదు కదండీ," అంటూ తెర కట్టేసింది. తిరిగొచ్చిన ఇమ్మానియేలుని అడిగింది, "ధనకొండ?"

"గుండెపోటేనని డాక్టరుగారు పట్టుకున్నారండి. గంట ఆగితే దక్కేది కాదన్నారు."

"పొద్దున్న పంపేసిన నలభైముగ్గురికీ కబురు పెట్టు. అందరినీ మళ్ళీ రమ్మను."

"అందరినీనా? పలక చూశారా?"

"ఉన్న ఒక్క కన్నూ దానికేనా?"

అయిదింటిదాకా అడుగుతూనే ఉంది. ప్రతి మనిషినీ మూడుసార్లు. అయిదు కొట్టగానే పలకమీద అంకె ఆగిపోయింది. రెండు రూపాయల పది. మూడేళ్ళకు ఖాయం.

"నేల తుడిచేవాడికి నాలుగండి," అన్నాడు ఇమ్మానియేలు తల గోక్కుంటూ. "రేపట్నించి టీ నేను ఇప్పిస్తాలెండి."

పొద్దుటి ముసలాయన మళ్ళీ గుమ్మంలోకి వచ్చాడు. ఆమె ఇంకా నోరు తెరవలేదు.

"ఎలా ఉన్నారు?" అంది జల్లెడ.

"బానే ఉన్నానండి."

చీటీ రాలేదు.

"ఎలా ఉన్నారు?"

"చెప్పాను కదండీ..."

జల్లెడ కాసేపు ఆగింది. గట్టు పొడవునా మూడువందల పన్నెండు గుమ్మాల్లో అదే క్షణాన అలాగే ఆగింది. మూడోసారి అడిగింది.

ముసలాయన సత్యవేణి వంక చూశాడు. ఆమె తల ఊపింది. ఆయన మెల్లిగా పొట్టమీంచి చెయ్యి తీశాడు.