పరీక్ష వారం బిళ్ళలు

ఆమెకు అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే. ఏదో ఒక రోజు తన మొగుడు నిండు బస్సులో స్టీరింగు మీదకి ఒరిగిపోతాడని.

అది ఊరికే పుట్టిన భయం కాదు. కింద వాటాలో ఉండే డ్రైవరు, మొగుడు పనిచేసే బస్సు డిపో మనిషే, నలభై మూడేళ్ళకే బీపీ పెరిగి డ్యూటీలో కుప్పకూలాడు. ఇప్పుడు గుమ్మం పక్కన కుర్చీలో ఉంటాడు. కుడిచెయ్యి ఎవరో మరిచిపోయి వెళ్ళిన వస్తువులా ఒళ్ళో పడి ఉంటుంది. భార్య చెంచాతో జావ పోస్తే సగం లోపలికి, సగం గడ్డం మీదికి. పాలపాకెట్టుకని దిగినప్పుడల్లా ఆమె ఆ చెయ్యి చూసేది. మెట్లెక్కి వచ్చి, మంచం మీద నిద్రపోతున్న తన మొగుడి చెయ్యి చూసేది. అతనికి ముప్పై ఎనిమిది. బీపీ ఉందని బయటపడి రెండేళ్ళు దాటింది.

ఆ పొద్దున కూడా ఇల్లు ఎప్పటిలాగే హడావిడిగా ఉంది. కుక్కరు కూత పెడుతోంది. పది నెలల పాప నేలంతా పాకుతూ నాయనమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుని లాగుతోంది. మొగుడు డ్రైవరు యూనిఫాం చొక్కా బొత్తాలు పెట్టుకుని కంచం ముందు కూర్చుని, కూర మీద ఇంకో చిటికెడు ఉప్పు చల్లుకున్నాడు.

"ఇంకా ఉప్పా? సరిపడా వేశాను కదండీ."

"పొగాకు నమిలే నోరే ఇది. నువ్వు వేసిందేదీ నాలిక దాకా రావడం లేదు. అందులో నీ తప్పేం లేదులే."

"నా తప్పు లేదని నాకూ తెలుసు."

అత్తయ్య నవ్వింది. "తిననీవే అమ్మాయ్. అంత బండి లాగే మనిషి, చప్పిడి కూడు తిని ఏం లాగుతాడు?"

"లాగేది ఇంజిను, అత్తయ్యా. ఈయన కూర్చుంటారు. పొద్దున ఎక్కితే పది గంటలు అట్లా కూర్చునే ఉంటారు."

అతను చెయ్యి కడుక్కుని అరచెయ్యి చాపాడు. "ఏదీ, బిళ్ళ ఇవ్వు. ఇవాళ్టితో వారం మొదలు."

ఆ ఇంట్లో వాళ్ళు దాన్ని పరీక్ష వారం అనుకునేవాళ్ళు. ఏడాదికోసారి డిపోలో డ్రైవర్లందరికీ ఆరోగ్య పరీక్ష పెడతారు. దానికి ముందు ఏడు రోజులు అతను బుద్ధిగా బీపీ బిళ్ళ మింగుతాడు. పరీక్ష గట్టెక్కుతాడు. ఆ సాయంత్రం మిఠాయి పొట్లం తెస్తాడు. మర్నాటి నుంచి బిళ్ళల అట్ట అలమారాలో పడి ఉంటుంది, మళ్ళీ ఏడాది దాకా. ఆమె బతిమాలింది, ఏడ్చింది, పాప మీద ఒట్టు పెట్టింది. "రేపట్నుంచి" అనేవాడు. ఆ రేపు రాలేదు.

ఆమె అలమారా తలుపు చాటుకు వెళ్ళి, ఒక బిళ్ళ తీసి అతని చేతిలో పెట్టింది. అతను చూడకుండానే నోట్లో వేసుకుని ఒక్క గుక్క నీళ్ళు తాగాడు. సీసా నిండా తాగమంటే ఎప్పుడూ తాగడు.

అది బీపీ బిళ్ళ కాదు. పాలిచ్చే తల్లులకని ఆసుపత్రిలో తనకిచ్చిన బలం బిళ్ళ. సైజూ రంగూ దాదాపు ఒకటే. నేను చెబితే వినడు, డిపో డాక్టరు పట్టుకుంటే వింటాడు అనుకుంది. తొమ్మిదో తరగతితో బడి మానేసిన ఆమెకు తోచిన దారి అదొక్కటే. ఏడు రోజులు ఏడు బిళ్ళలు ఇచ్చింది. ఏడుసార్లూ, అతను మెట్లు దిగే చప్పుడు ఆగేదాకా ఊపిరి బిగబట్టుకుని నిలబడింది.

ఎనిమిదో రోజు పదకొండు గంటలకల్లా అతను ఇంటికొచ్చేశాడు. ముఖం కందిపోయి ఉంది.

"బీపీ పైది రెండొందల పది. డాక్టరు మూడుసార్లు చూశాడు. నెలరోజులు స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. షెడ్డులో టైర్లు సర్దమన్నాడు. నెల తర్వాత కూడా దిగకపోతే ఇక డ్రైవరుగా పనికిరావు పొమ్మన్నాడు." చెప్పులు విడవకుండానే అలమారా దగ్గరికి వెళ్ళి బిళ్ళల అట్ట బయటికి లాగాడు. ఒక్క బిళ్ళ కూడా తీసి లేదు. "నేను ఏడు మింగాను. అన్నీ ఇక్కడే ఉన్నాయి. మరి నేను మింగిందేంటే?"

ఆమె దాచలేదు. చెప్పేసింది.

"పాలిచ్చేవాళ్ళ బిళ్ళలా?" అతను అట్ట నేలకేసి కొట్టాడు. "నేనేమన్నా బాలింతనా?"

అత్తయ్య లేచి నిలబడింది. "కట్టుకున్నవాడి నోట్లో మట్టి కొట్టావు కదే! రేపట్నుంచి నీ పిల్లకి పాలు ఎక్కణ్ణుంచి తెస్తావు?"

"కొట్టానత్తయ్యా. నేనే కొట్టాను." ఆమె కూడా కేకలు పెడుతోంది. పాప బెదిరి ఏడుపు అందుకుంది. "కింద కుర్చీలో ఆయన్ని రోజూ చూస్తున్నారుగా? చంకలో ఒకరు, కుర్చీలో ఒకరు, నాకు ఇద్దరు పసిపిల్లలు వద్దు. ఏమండీ, చిన్న బిళ్ళ. రెండేళ్ళుగా కాళ్ళు పట్టుకుంటున్నాను. మింగడానికి మీకేం రోగం?"

అతను నేల మీద కూలబడి, గోడకి తల ఆనించాడు. పాప ఏడుపు కాస్త తగ్గాక అన్నాడు.

"అది వేసుకుంటే ఆగదే."

"ఏది ఆగదు?"

"ఒంటేలు. రెండు ట్రిప్పులు తిరిగేలోపు నాలుగుసార్లు వస్తుంది. దారిలో దిగడానికి ఎక్కడా చోటు లేదు. పోయినేడు మొదట్లో నీకు చెప్పకుండానే నాలుగు రోజులు వేసుకున్నాను. అయిదో రోజు వంతెన మీద బండ్లన్నీ ఆగిపోయాయి. గంటన్నర. నా వెనక అరవై మంది." అతను కళ్ళు మూసుకున్నాడు. "సీట్లోనే అయిపోయింది. నీళ్ళ సీసా ఒళ్ళో ఒంపుకుని, ఒలికిందని చెప్పాను. కండక్టరుకి అర్థమైంది. ఏమీ అనకుండా తన తువ్వాలు ఇచ్చాడు. ఆ సాయంత్రం నేనే ప్యాంటు ఉతుక్కుంటే, ఇవాళ సూర్యుడు ఎటు పొడిచాడని నవ్వావు నువ్వు."

ఆమె నవ్వింది నిజమే.

"అప్పట్నుంచి పరీక్ష వారంలో తప్ప బిళ్ళ లేదు, డ్యూటీలో నీళ్ళూ లేవు. ఈ వారం రాకపోతే నీళ్ళు మానేసినందుకే అనుకున్నాను. నోరెండితే పొగాకు. కళ్ళు మూతపడితే నాలుగు చెంచాల చక్కెరతో టీ, అదీ సగం గ్లాసు." ఎడం చెయ్యి తడుముకున్నాడు. "పోయిన నెల సిగ్నలు దగ్గర, ఎడం చెయ్యి గేరు మీద ఉంది. ఉందని కంటికి కనిపిస్తోంది గానీ చేతికి తెలీలేదు. ఎంతసేపో తెలీదు. వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నారు."

అత్తయ్య వచ్చి కొడుకు పక్కన చతికిలబడింది. "నీ గుడ్డలు ఉతికిన దాన్ని కదరా. నాక్కూడా చెప్పుకోలేకపోయావా?"

ఎవరూ ఎవరినీ తిట్టలేదు ఆ తర్వాత.

మర్నాడు ఇద్దరూ ఆసుపత్రికి వెళ్ళారు. బీపీ బిళ్ళ రాసిన డాక్టరమ్మ ఎందుకు మానేశారని అడిగితే అతను బల్ల అంచు గోకుతూ కూర్చున్నాడు. ఆమే చెప్పింది. వంతెన, సీటు, నీళ్ళ సీసా, చెయ్యి, తను ఇచ్చిన తప్పుడు బిళ్ళలతో సహా అన్నీ.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "మీకు రాసింది నీరు లాగే బిళ్ళ. అందుకే అలా అయింది. అలా చెయ్యని రకాలు కూడా ఉన్నాయి. ఈ ముక్క అప్పుడే చెప్పుంటే మార్చి రాసేదాన్ని కదా." తర్వాత అతని ఎడం చెయ్యి పట్టుకుని ఒక్కో వేలూ నొక్కి చూసింది. ముఖంలో నవ్వు లేదు. "తలకి ఫొటో, అదే స్కానింగు, తియ్యాలి. ఇవాళే. ఎంత చెడిందో, ఎంత మిగిలిందో చూద్దాం."

ఒక్క ముక్క. దానికి ఏడాది పట్టింది.

ఫొటో గది బయట బెంచీ మీద అతను ఆమె చెయ్యి వెతికి పట్టుకున్నాడు. "నువ్వు చేసింది తప్పే."

"తప్పే."

"పోయినేడే చేసుంటే బావుండేది."

ఆమె ఏడ్చింది. వేసుకోండి, వేసుకోండి అని వందసార్లు అంది. ఎందుకు వేసుకోవడం లేదని ఒక్కసారి కూడా మెత్తగా అడగలేదు. లోపలి నుంచి పిలుపు వచ్చింది. అతను లేచాడు. ఆ ఎడం చేతి వేళ్ళు ఆమె వేళ్ళని కాస్త గట్టిగానే నొక్కి వదిలాయి. ఆ నొక్కు ఎంత గట్టిదో ఆమె మనసులో మళ్ళీ మళ్ళీ తూచుకుంటూ తలుపు వైపు చూస్తూ కూర్చుంది.

చదివినవాళ్ళకి ఒక్కటే మనవి. మీ ఇంట్లోనూ అలమారాలో బిళ్ళల అట్ట నిండుగా పెట్టుకున్న మనిషి ఎవరో ఉండే ఉంటారు. ఇప్పుడే లేచి వాళ్ళ దగ్గరికి వెళ్ళండి, దూరంగా ఉంటే ఫోను చెయ్యండి. కోప్పడకండి. పక్కన కూర్చుని, ఎందుకు వేసుకోవడం లేదో అడగండి. వాళ్ళు నేల చూపులు చూస్తే, చెప్పేదాకా లేవకండి.