ఒర్లిండా వ్యాగన్‌కి వరసైనవాడు

"కారు కింద ఏం పారేసుకున్నావు?"

ఎస్పన్యోలా ఊళ్ళో ఆదివారం సాయంత్రం. బర్గర్ల కొట్టు ముందు పార్కింగ్‌లో బోర్లా పడుకుని, బుగ్గ నేలకి ఆనించి చూస్తున్న సిప్రియానో ఉలిక్కిపడి లేవబోయాడు. బంపర్ నెత్తికి తగిలింది.

"పంపులు వెతుకుతున్నాను" అన్నాడు తల రుద్దుకుంటూ. "కారుని కిందకి దించి పైకి లేపాలంటే పంపులుండాలి, బ్యాటరీలుండాలి. అందరూ డిక్కీలో పెడతారు. వ్యాగన్‌కి డిక్కీ ఏది? ఎక్కడ దాచారా అని చూస్తున్నాను."

"అడగడానికి నోరు లేదా?"

"ఓనరు కనబడలేదు. మీ నాన్నగారిదా? అన్నయ్యదా?"

అడిగిన అమ్మాయి ఒర్లిండా. పచ్చిమిరప పులుసు కారుతున్న బురీటో రొట్టెచుట్టని కాగితంలో చుట్టేసింది, తినడం కంటే తిట్టడం ముఖ్యమన్నట్టు.

"మా నాన్నకి రంగు డబ్బా మూత తీయడం రాదు. మా అన్నయ్యకి మూత పెట్టడం రాదు. ఇది నాది. రంగేసింది కూడా నేనే."

"రూఫ్ మీద లేసు పని?"

"అదీ నేనే. ఇంకేమైనా అనుమానాలున్నాయా?"

అనుమానాలు లేవు. అతను మళ్ళీ కారు వైపు తిరిగాడు.

అరవై మూడు మోడల్ ఇంపాలా వ్యాగన్ అది. మా లోయలో కుర్రాళ్ళు ఇద్దరు పట్టే కారు కొని నేలని ముద్దు పెట్టుకునేంత కిందకి దించుతారు. వ్యాగన్ ఎవరూ ముట్టుకోరు. అది సంసారి కారు. పిల్లలు, సంచులు, కుక్క, చలికాలానికి కట్టెలు, అన్నీ మోసే కారు. దాన్ని ఈ అమ్మాయి మాగిన చెర్రీ రంగులో ముంచి తీసింది. పొర మీద పొర వేసిన రంగు. పైనుంచి చూస్తే ఎరుపు, పక్కకి వంగి చూస్తే నలుపు, ఎండ తగిలితే లోపల ఎక్కడో దీపం పెట్టినట్టు వెలుగు.

ఇక రూఫ్. వ్యాగన్‌కి రూఫ్ పొడుగు. దాని నిండా తెల్లని లేసు గులాబీలు. చర్చిలో పూజబల్ల మీద పరిచే గుడ్డ చిరిగిపోతే ఒర్లిండా అడిగి తెచ్చుకుంది. దాన్ని రూఫ్ మీద పరిచి పైనుంచి రంగు చల్లి, గుడ్డ ఎత్తేసింది. పువ్వులు మిగిలాయి. అది పాపమేమోనని ముందే ఫాదర్‌ని అడిగిందట. చిరిగిన గుడ్డకి ఇంకో తోట దొరికితే దేవుడికి కోపమెందుకు అన్నాడట ఆయన. ఆ జవాబు సరైనదో కాదో నాకు తెలియదు. ఆ రూఫ్ చూశాక మాత్రం వాదించబుద్ధి కాలేదు.

"వెనక మూల, ఎడమవైపు, ఒక పువ్వు రెండుగా పడింది" అన్నాడు సిప్రియానో. "గుడ్డ జరిగింది."

"గాలొచ్చింది."

"తెలియనివాళ్ళకి కనబడదులే."

"నీకు కనబడిందిగా?"

"కనబడింది. అయినా ఇంకా చూస్తూనే ఉన్నానుగా."

ఒర్లిండా మొహం తిప్పేసుకుంది. బుగ్గల రంగు దాచడానికి కారు రంగు అడ్డుపెట్టుకోవచ్చనుకుందో ఏమో, దాని పక్కన నిలబడింది.

"ఇంత తెలిసినవాడివి, ఇది చెప్పు" అని లోపలికి వంగి స్విచ్ నొక్కింది. వ్యాగన్ బద్ధకంగా లేచింది. ముందు రెండు చక్రాలు, వెనక కుడి చక్రం బుద్ధిగా లేచాయి. ఎడమ చక్రం మాత్రం బడికి వెళ్ళనని మొండికేసిన పిల్లాడిలా కాసేపు ఆగి లేచింది.

"పంపులు ఎక్కడో ముందు చెప్పు."

వెనక పక్క గోడలో చిన్న తలుపు తీసింది. స్పేర్ టైరు ఉండాల్సిన గుంతలో పంపులు, గొట్టాలు, అల్మరాలో మడతపెట్టిన బట్టల్లా సర్ది ఉన్నాయి.

"అబ్బా!" అన్నాడు సిప్రియానో. కార్లని లేపి దించే ఈ హైడ్రాలిక్స్ పనే అతనికి అన్నం పెడుతుంది. అయినా ఇలాంటి సర్దుడు చూడలేదు. "శనివారం వచ్చి చూస్తాను. వైరు కూడా మార్చాలి."

"సరే, ప్రీమో."

అక్కడ పడింది రాయి.

ప్రీమో అంటే చిన్నాన్న కొడుకో, మేనత్త కొడుకో. రక్తసంబంధం, మాలో ఆ రెండు వరసలకీ పెళ్ళి కుదరదు. మా లోయలో ఆ మాట చుట్టం కానివాళ్ళ మధ్య కూడా దుకాణంలో వినబడుతుంది, పెట్రోలు బంకులో వినబడుతుంది. కానీ మా లోయలో ఇంకో సంగతీ ఉంది. నాలుగు ఇంటిపేర్లు, వెయ్యి ఇళ్ళు. కుర్రాడు ఒక పిల్లని డాన్సుకి పిలిచే ముందే ఆమె నాయనమ్మ ఎవరో కనుక్కోవాలి. లేకపోతే పెళ్ళి మాటలప్పుడు ఎవరో ముసలమ్మ లేచి, "వీళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళర్రా!" అంటుంది. అలాంటివి జరిగాయి.

సిప్రియానో శనివారం వెళ్ళాడు. ఆ తర్వాతి శనివారమూ వెళ్ళాడు. ఒక గొట్టం మార్చడానికి ఒక పూట, ఒక బోల్టు బిగించడానికి ఇంకో పూట పట్టింది. ఒర్లిండా పక్కనే కూర్చుని పానాలు అందించేది. తప్పుది అందించి నవ్వేది.

"వ్యాగనే ఎందుకు కొన్నావు?" అని అడిగాడొకసారి.

"మీరంతా ఇద్దరు పట్టే కారు చేసుకుంటారు. మరి అమ్మని ఎక్కడ కూర్చోబెడతారు?"

"అమ్మతో డేటింగ్‌కి ఎవరెళ్తారు?"

"డేటింగ్ ఎన్నాళ్ళు చేస్తావు, ప్రీమో? తర్వాత ఇల్లంతా ఎక్కాలి కదా."

ఆ మాటకి అతని గుండె పైకి లేచింది. 'ప్రీమో' దగ్గర మళ్ళీ కిందకి దిగింది. వ్యాగన్‌కి మల్లేనే.

ఒకరోజు ఒర్లిండా వాళ్ళ నాన్న ఫిలడెల్ఫియో కాఫీ తెచ్చిచ్చి, "నీ ఇంటిపేరేమిటి బాబూ?" అన్నాడు.

"మెడీనా అండీ."

"అరె! మా ఆవిడ మెడీనాల ఇంటి ఆడపడుచేనయ్యా! చెప్పవేం?" అని భుజం తట్టాడాయన.

కాఫీ చేదెక్కింది. ఇంటికెళ్ళి నాయనమ్మని అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోయేది. యూలోహియా నాయనమ్మకి లోయలో అందరి పుట్టుపూర్వోత్తరాలూ నోటికొచ్చు. కానీ ఆమెని ఒక పిల్ల గురించి అడిగితే సాయంత్రానికల్లా జపమాల బృందమంతటికీ తెలిసిపోతుంది. అదొక భయం. అసలు భయం ఇంకోటి. అడిగితే అవునంటుందేమో. అడగనంతసేపూ కాదనుకోవచ్చు కదా. ప్రార్థనలో కూడా ఇది అడగలేదు అతను. దేవుడు నిజం చెప్పేస్తాడని.

అందుకని శనివారాలు మానేశాడు. వైరు మార్చడం మిగిలిపోయింది.

జూలైలో సాంతా ఆనా పండగ వచ్చింది. ప్రార్థన అయ్యాక కార్లన్నీ చర్చి ముందు వరసలో నిలబడ్డాయి. పోయినేడు పోలండ్ నుంచి వచ్చిన ఫాదర్ కాజిమిర్ తీర్థం బిందె పట్టుకుని ఒక్కో కారు మీదా చల్లుతున్నాడు. కొండల మీంచి మబ్బు దిగుతోంది. సిప్రియానో నాయనమ్మకి గొడుగు పట్టి గోడ పక్కన నిలబడ్డాడు. చూడకూడదనుకుంటూ ఎర్ర వ్యాగన్‌నే చూస్తున్నాడు.

వ్యాగన్ చర్చి గుమ్మం ముందుకొచ్చి, పద్ధతి ప్రకారం వంగి దణ్ణం పెట్టింది. వంగింది వంగినట్టే ఉండిపోయింది. ఎడమ వెనక చక్రం లేవలేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. చినుకులు కూడా.

"ఆ పిల్ల బండి కూలబడిపోయింది, నువ్వేంట్రా స్తంభంలా నిలబడ్డావు? పో!" అని నాయనమ్మ గొడుగు లాక్కుంది.

అతను పరుగెత్తాడు. పక్క తలుపు తీసి తల లోపలికి పెట్టాడు. తను మారుస్తానని మార్చని వైరే. ఊడి వేలాడుతోంది.

"వచ్చావా?" అంది ఒర్లిండా. గొంతులో వాన ఉంది. "రూఫ్ మీద పువ్వు నచ్చక మానేశావనుకున్నాను."

"పువ్వు గురించి కాదు."

"మరి?"

అతను వైరు పట్టుకున్నాడు. అటువైపు నుంచి ఫాదర్ బిందె ఎత్తడం చూసి ఒర్లిండా కేకేసింది.

"ఆగండి ప్రీమో ఫాదర్! రెండు నిమిషాలు! లోపల మనిషున్నాడు!"

సిప్రియానో నెత్తి తలుపుకి కొట్టుకుంది.

"ఏమన్నావు? ఆయన్ని ఏమన్నావు?"

"ప్రీమో ఫాదర్ అన్నాను. ఏం?"

"ఫాదర్ మీకు చుట్టమా?"

"పోలండాయన నాకు చుట్టమేంటి? పిచ్చా?"

"మరి నన్నెందుకన్నావు?"

ఒర్లిండా అతన్ని చూసింది. చేతిలో వైరు, నుదుటి మీద గ్రీజు, కళ్ళలో నెలరోజుల దిగులు. మెల్లగా అర్థమైంది.

"అందుకా?" అంది. "ఓరి దేవుడా! అందుకా రావడం మానేశావు?"

"మీ అమ్మగారు కూడా మెడీనాలేగా. నేను..."

"మోరా ఊరి మెడీనాలు!" గొడుగు కింద నుంచి నాయనమ్మ గొంతు. ఎప్పుడొచ్చిందో వచ్చేసింది. "కొండకి అవతలి వాళ్ళు. మనం ఇవతల చిమాయో మెడీనాలం. ఇంటిపేరొకటే, రక్తం వేరు. ఈ పిల్ల అమ్మమ్మకి నేను పెళ్ళిలో జడేశాను, నాకు తెలీదా? నోరు తెరిచి అడగొచ్చుగా వెధవా, ఒక్క మాట!"

ఫాదర్ కాజిమిర్‌కి సగమే అర్థమైంది. ఆ సగమూ చాలినట్టుంది. ఇద్దరి మీదా, వ్యాగన్ మీదా కలిపి ఒకేసారి తీర్థం చల్లేశాడు.

సిప్రియానో వైరు బిగించాడు. "మరి ప్రీమో అని ఎందుకు పిలిచావు?" అన్నాడు మళ్ళీ, ఈసారి గుసగుసగా.

"పేరు పెట్టి పిలిస్తే నా గొంతు మారుతుంది" అంది ఒర్లిండా తలొంచుకుని. "నాన్న కనిపెట్టేస్తాడు."

"నాన్న ఎప్పుడో కనిపెట్టాడు" అన్నాడు వెనకే ఉన్న ఫిలడెల్ఫియో. "బోల్టు బిగించడానికి పూటంతా పట్టినప్పుడే. ఎక్కండి, జనం తిడుతున్నారు."

ఒర్లిండా తాళాలు సిప్రియానో చేతిలో పెట్టి పక్క సీట్లోకి జరిగింది. ఫిలడెల్ఫియో మధ్య సీటు తలుపు తీయబోతుంటే నాయనమ్మ అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. ఆ వ్యాగన్‌లో చిట్టచివరి సీటు వెనక్కి తిరిగి ఉంటుంది. కూర్చుంటే వచ్చిన దారే కనబడుతుంది, ముందేం జరిగేదీ కనబడదు.

"మనం ఇక్కడ కూర్చుందాం నాయనా" అంది నాయనమ్మ. "ఇక్కడ గాలి బాగుంటుంది."

పెద్దవాళ్ళిద్దరూ ముందు సీటు వైపుకి వీపు పెట్టుకుని, వెనకొచ్చే కార్లకి చేతులూపుతూ కూర్చున్నారు. వాన సన్నగా అద్దం మీద పడుతోంది.

"సిప్రియానో" అంది ఒర్లిండా.

గొంతు నిజంగానే మారింది.

అతని వేలు స్విచ్ మీద పడిందో, తనే నొక్కాడో, వ్యాగన్ ముందు చక్రాలు రెండూ ఒక్కసారి గాల్లోకి గెంతాయి.

"ఒరేయ్!" వెనక నుంచి నాయనమ్మ కేక. "మేమింకా బండిలోనే ఉన్నాంరా!"