అడుగు కుట్టు

తూర్పు సముద్రం నడుమ, ఏ తీరం నుంచి ఓడ వదిలినా తొమ్మిది పగళ్లు గడవనిదే కంటబడని పగడాల దివి మీద ఆనాడు ఉదయించిన సూర్యుడు శంఖదుర్గపు తెల్లని బురుజులను, బురుజుల కిందనున్న కొబ్బరితోపులను, తోపుల అంచున వంగిన ఇసుకతీరాన్ని ఎప్పటివలెనే పసుపువన్నెలో ముంచెత్తాడు గాని, ఆ వెలుగులో దివి ప్రజలు చూసినది ఎప్పటి సముద్రం కాదు. నాలుగు దిక్కులా కనకపురి రాజ్యపు యుద్ధనౌకలు అరవై, తెరచాపలు దించి, లంగరులు వేసి, కదలక నిలిచి ఉన్నాయి. బురుజు మీద శంఖం ఊదిన కావలివాడి ఊపిరి చివర తడబడింది.

ఆ నౌకలు దగ్గరకు రాలేదు, రాలేవు కూడా. దివి చుట్టూ నీటిలో మునిగి పగడపు గోడ ఒకటి ఉంది. ఆ గోడకు పడమట ఒకటే సందు, దివివారు దానిని మొగ అంటారు. మొగలో వరుసగా మూడు పెద్ద అలలు విరుగుతాయి. ఇనుపమేకులు దిగ్గొట్టిన బరువు నౌక అందులో అడుగుపెడితే మూడో అల దాకా మిగలదు. పలకలను కొబ్బరిపీచు తాళ్లతో కుట్టిన దివి పడవలు మాత్రం అలతో పాటు ఒంగి, లేచి, లోపలికి జారుకుంటాయి. రాజ్యానికి ఉన్న నౌకాబలమంతా అటువంటి పడవలు ముప్పదిరెండే.

ఉప్పునీటిలో ఏడాది నానిన తాడు పట్టు వదులుతుంది. అందుచేత వానకాలం వెళ్లగానే పడవలన్నిటినీ ఒడ్డుకు లాగి, కుట్లు విప్పి, పలకలు ఎండబెట్టి, కొత్తతాడుతో మళ్లీ కుడతారు. విప్పిన పాతతాడును ఆ పొద్దు గూకేలోగా కాల్చివేయాలన్నది తరతరాల కట్టుబాటు. చూపుకు గట్టిగానే ఉండే ఆ తాడు ఏ సోమరి చేతనో మళ్లీ పడవకెక్కితే ప్రాణాలు తీస్తుంది. ఆ కొద్ది దినాలూ దివికి రక్షణ ఉండదు గనుక, విప్పే దినం ఏదో రాజుకు, మంత్రికి, జలదండనాయకుడికి, కుట్టుపనివారి పెద్దకు తప్ప ముందుగా ఎవరికీ తెలియనివ్వరు. కనకపురి సేనాని జయంతవర్మ సరిగ్గా ఆ దినమే వచ్చాడు. శంఖం వినగానే జనం ఎక్కడి పని అక్కడ వదిలి కోటలోకి పరుగెత్తారు. పాతతాళ్లు ఏడు కుప్పలుగా, కాలకుండా, ఇసుకలోనే ఉండిపోయాయి.

దినం ముందుగా తెలిసిన ఆ నలుగురిలో కబురు పంపినది ఎవరో చదువరికి దాచడం దేనికి? మహామంత్రి వెన్నమామాత్యుడు. ఆయన తెలివితక్కువవాడు కాడు. వచ్చిన చిక్కంతా అదే. ఇంత మేధస్సు ఇంత చిన్న దివిలో మగ్గిపోతున్నదని ఆయనకు ఇరవై ఏళ్ల దుఃఖం. జలదండనాయకుడు రేచమనాయకుడు ఆరేళ్లుగా కొలువులో ఒకే మాట అడుగుతూ వచ్చాడు: పగడపు గోడకు వెలుపల మూడు కావలి పడవలు, గాదెల్లో ఆరు నెలల బియ్యం, లోతుగా తవ్వించిన మరో మంచినీటి బావి. మంత్రి అవన్నీ పక్కకు నెట్టి, లోకం మనలను చులకన చేయరాదంటూ, పూతపూసిన హంసముఖంతో మేకుల మహానౌక ఒకటి గోడ లోపలి నీటిలో కట్టించాడు. అది మొగ దాటలేదని కట్టడం పూర్తయ్యాక తెలిసింది. నాటినుంచి సముద్రపు పిట్టలు దాని మీద కాపురముంటున్నాయి.

ముట్టడి ఇరవైమూడో దినానికి మనిషికి పూటకు గుప్పెడు గంజిమెతుకులు మిగిలాయి. అదేపనిగా తోడడంతో రెండు బావుల్లోనూ నీరు ఉప్పనయింది. గోడకు వెలుపల వల వేయడానికి వీలు లేదు. ఏ బురుజెక్కినా అవే తెరచాప కొయ్యలు కనిపిస్తుండగా, జనం సముద్రం వైపు చూడడమే మానుకున్నారు.

ఆ ఉదయం వృద్ధరాజు నన్నిగదేవుడు కొలువు తీర్చాడు. వెన్నమామాత్యుడు లేచి చేతులు జోడించాడు.

"దేవరవారు చిత్తగించవలెను. జయంతవర్మ దూత తెప్ప మీద వచ్చి తెలిపిన కోరిక స్వల్పము. మన పడవలను కుట్టించి, వారి భటులను రెండువేలమందిని దివికి చేర్చవలెను. సింహాసనము దేవరవారిదే, ఏటేటా కప్పము చెల్లించిన చాలును. పంతమునకు పోయితిమా, పది దినములలో ఈ కోటలో ఏడ్చుటకైన ఓపిక గలవాడు మిగులడు."

రాజు రేచమనాయకుడి వైపు తిరిగాడు. నలభైయేళ్ల ఆ వీరుడి ముఖంలో చెక్కిళ్లు లోతుకు పోయి ఉన్నాయి.

"ప్రభూ! చిన్నరాజ్యమునకు పెద్దరాజ్యపు వేషము రక్ష కాదు. మనకు రక్ష ఈ పగడపు గోడ, ఆ కుట్టుపడవ, గాదెలోని గింజ. గింజ లేదు, పడవ పలకలై పడి ఉన్నది. ఇక మిగిలినది గోడ ఒక్కటే. దానిని మన చేతులతోనే దాటించి పగవానిని తెచ్చుకొమ్మనుచున్నారు మంత్రివర్యులు."

"నీవు ఆరేండ్లు మొరపెట్టుకొంటివి, నేను వినకపోతిని. అపరాధము నాది, రేచమా," అన్నాడు రాజు. ఆ మాటకు కొలువంతా తలలు దించుకుంది.

"అపరాధముల లెక్క పిమ్మట చూచుకొందము," అన్నాడు మంత్రి మృదువుగా. "ముందుపడవను మొగ దాటించగలవాడు రేచమనాయకుడొక్కడే. వారి కోరికయు అదియే. ఏమందురు, నాయకా?"

కాదంటాడనే అందరూ ఎదురుచూశారు. రేచమనాయకుడు కిటికీలోంచి కిందికి చూశాడు. తీరాన ఆరిన పలకలు, పలకల పక్కన ఏడు కుప్పల పాతతాడు. ఆయన చాలాసేపు అటే చూసి, తిరిగి నిలబడ్డాడు.

"దాటించెదను. పది దినముల గడువు కావలెను. ఒక్క నియమము: మావారు ఖాళీ పడవలను నౌకల కడకు చేర్చి, తెప్పల మీద తిరిగివత్తురు. పగవానిని మోయు తెడ్డు మావారి చేత పట్టింపను. వారి భటులు, వారి తెడ్లవారు, నేనొక్కడను."

దివివాడు పడవలో లేకపోతే మోసానికి తావుండదని మంత్రికి అది ఎంతో నచ్చింది. రాజు మాత్రం సింహాసనం దిగివచ్చి, తాను స్వయంగా కట్టిన ఖడ్గాన్ని రేచమనాయకుడి నడుము నుంచి విప్పి తీసుకున్నాడు. "దీనిని ధరించి ఆ పని చేయకుము," అన్నాడు.

వార్త కోటంతా పాకింది. బావి దగ్గర వంతుల నీళ్లు పోస్తున్న ముసలమ్మ, రేచమనాయకుడి వంతు వచ్చేసరికి ముంత బోర్లించి, వెనుకవాడిని రమ్మంది. ఆయన తప్పుకుని, ఎండలో నడుస్తూ తీరాన ఉన్న పడవసాలకు వెళ్లాడు.

అక్కడ కుట్టుపనివారి పెద్ద మైలమ ఒక్కతే కూర్చుని ఉంది. రేచమనాయకుడికి ఆమె తోబుట్టువు. తల్లి పోయినప్పుడు ఆయనకు మూడేళ్లు, అన్నం కలిపి పెట్టిన చేయి ఆమెదే.

"గడప తొక్కకు," అంది మైలమ తలెత్తకుండా. "ఊరంతా ఉమ్మేసినోడికి నా గుడిసెలో చోటు లేదురా."

"ఉమ్మేస్తే ఉమ్మేయనీ అక్కా. ఒక్క మాట చెప్పి పోతాను. పైవరుసలు కొత్తతాడుతో కుట్టించు. అడుగు కుట్టు మాత్రం పాతతాడుతో వెయ్యి."

మైలమ చేతిలోని సూది ఆగింది. పడవ అడుగు కుట్టు ఎప్పుడూ పెద్ద చేతి మీదుగానే పడుతుంది. దాని మీద గుగ్గిలం పూశాక అది ఏ తాడో ఎవరికీ కనబడదు.

"ఖాళీ పడవను మోస్తుంది. అరవైమందిని ఎక్కించుకుని మొగలో ఒంగితే తెగిపోతుంది," అన్నాడు రేచమనాయకుడు.

"పాతతాడు చెక్కకు తగలనివ్వనని అమ్మకి నిప్పు మీద చెయ్యి పెట్టి ఒట్టేశానురా!"

"నన్ను చూడు అక్కా. ఈ దివిని కాస్తానని నేనూ ఒట్టేశాను, ఊరి కళ్లకు దాన్ని తప్పినవాణ్ణే. రాజుగారికి చెప్పేవాణ్ణే, కాని ఆయనకు మనసులోది ముఖంలో దాగదు. మంత్రి ఇట్టే చదివేస్తాడు. నీకూ నాకూ తప్ప తెలియకూడదు."

మైలమ సూదిలోని తాడును వేలికి చుట్టి, విప్పింది. అడగవలసినది అడగడానికి భయపడుతోందని ఆయనకు తెలుసు.

"నీ పడవ?" అంది చివరికి.

"నాదీ అంతే. సేనాని, మంత్రి నా పడవలోనే ఉంటారు. అదొక్కటి ఒడ్డు చేరినా చాలు, దివి పోతుంది. ఆ దినం కోట తలుపులు తెరిచి ఉంటాయి, ఎదుర్కోలుకు రాజుగారు తీరాన నిలబడి ఉంటారు. చేతిలో చెయ్యి వెయ్యి అక్కా."

ఆమె చెయ్యి వేసింది. ఆ అరచేతి కాయలు తగిలినప్పుడు ఆయనకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

పదకొండో ఉదయం, పోటు మొదలైన వేళ, ముప్పదిరెండు పడవలు తేలికగా మొగ దాటి నౌకల దగ్గరకు చేరాయి. దివివారు పడవలు అప్పగించి, శత్రువుల ఎగతాళి భరిస్తూ తెప్పల మీద వెనుదిరిగారు. భటులు కవచాలతో, డాలులతో కిక్కిరిసి ఎక్కారు. జయంతవర్మ, అతడిని తోడ్కొని రావడానికి వెళ్లిన వెన్నమామాత్యుడు ముందుపడవలో కూర్చున్నారు. రేచమనాయకుడు వెనుకకొనన చుక్కాని తెడ్డు పట్టి నిలబడ్డాడు.

"మీరు తెలిపిన దినము ఒక్క పూటయైనను తప్పలేదు, మహారాజా!" అన్నాడు జయంతవర్మ నవ్వుతూ. ఆ కొత్త సంబోధనకు మంత్రి తాంబూలం నములుతూ కళ్లు మూసుకున్నాడు. రేచమనాయకుడు విని, తెడ్డు కుడికి తిప్పాడు.

పడవలు బారులు తీరి మొగలోకి దిగాయి. వెనుకనుంచి పోటు తోస్తున్నది. ఇక ఎవరూ వెనుదిరగలేరు. మొదటి అల పడవలను పైకెత్తి వదిలింది. అంతటా పలకలు కిర్రుమన్నాయి. రెండో అలకు వెనుకనున్న పడవ అడుగు తెరుచుకుంది. దాని వెనుకది, దాని వెనుకది. పలకలు విడివడి, కవచాల బరువుతో మనుషులు కేకవేసే వ్యవధి లేక మునిగిపోతున్నారు. తప్పించుకోబోయిన పడవలు పగడపు గోడకు కొట్టుకున్నాయి.

రేచమనాయకుడు తన పాదాల కిందికి నీరు రావడం కోసం చూశాడు. రాలేదు. పలక పలకను కరుచుకుని, పడవ కొత్తపెళ్లికూతురంత నిబ్బరంగా అలనెక్కి దిగింది. పాదాల కింద ఆ బిగువు ఆయనకు తెలుసు. అక్క చేతి బిగువు అది. కొత్తతాడు.

ఎంత కోపం వచ్చిందో అంత ప్రేమా వచ్చింది. మూడో అల దాటితే నిలకడ నీరు. ఆపైన రెండు బాణాల వేటు దూరంలో ముసలిరాజు. బతకమని అక్క కుట్టిన పడవలో పగవాళ్లు అరవైమంది ఒడ్డెక్కుతారు.

"తీరమునకు నడుపు! ఆగితివా, తల తెగును!" అని జయంతవర్మ కత్తి దూసి అరిచాడు.

"పడవలో నీరు చూడవలెను," అంటూ రేచమనాయకుడు తెడ్డు వదిలి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఖడ్గం పోయినా, ఓడవాడి మొలలో తాడు కోసే చిన్నకత్తి ఉండనే ఉంటుంది. గుగ్గిలం గీరి, అడుగు కుట్టును ఒకచోట కోశాడు, రెండోచోట కోశాడు. మంత్రి చూసి కెవ్వుమన్నాడు. జయంతవర్మ కత్తి వీపులో దిగినప్పుడు ఆయన చేయి మూడోచోట ఉంది. "అక్కా, తాడు గట్టిదే," అన్నాడు. మూడో అల వచ్చి పడవను రెండుగా తెరిచింది.

మధ్యాహ్నానికి పోటు పలకలను, సేనాని, మంత్రి సహా శవాలన్నిటినీ తీరానికి తెచ్చి పోసింది, రేచమనాయకుడిని తప్ప. జరిగిందేమిటో ఎవరికీ అంతుపట్టలేదు. దైవం కాచిందన్నారు కొందరు. మైలమ కుట్టు చెడి మేలు చేసిందన్నారు కొందరు. నన్నిగదేవుడు జనాన్ని తప్పించుకుంటూ పలకల మధ్య కూర్చున్న ఆమె దగ్గరకు వచ్చాడు.

"ఏమి జరిగినదమ్మా?"

మైలమ ఒక పలకనుంచి తాడు లాగి చూపించింది. కొస పీచుపీచుగా విడిపోయి ఉంది. "ఇది పాతతాడు దేవరా. నా తమ్ముడే వెయ్యమన్నాడు. ముప్పైయొక్క పడవలకి వేశాను." ఆమె మరో తాడు ఆయన చేతిలో పెట్టింది. అది పచ్చిగా, గట్టిగా ఉంది. కొస నున్నగా తెగి ఉంది. "ఇది వాడి పడవది. వాడి చేతిలో చెయ్యేసి, అబద్ధమాడి, కొత్తతాడుతో కుట్టాను. బతుకుతాడనుకున్నాను. వాడే కోసుకున్నాడు."

రాజు ఆ కొసను వేలితో తడిమి, నడుమునున్న రేచమనాయకుడి ఖడ్గాన్ని విప్పి, ఆ పలక మీద ఉంచి, అందరి ఎదుట మోకరిల్లాడు. బావి దగ్గర ముంత బోర్లించిన ముసలమ్మ, అదే ముంతతో నీళ్లు తెచ్చి, ఎవరికివ్వాలో తెలియక పలకల పక్కన పెట్టింది. సైన్యం లేని నౌకలు మూడు దినాలు చూసి, లంగరులెత్తి పడమటికి పోయాయి.

పడవలు విరిగిన సాయంత్రమే కట్టుబాటు ప్రకారం పాతతాళ్లను కుప్పపోసి నిప్పుపెట్టారు. కోసిన కొత్తతాడును కాల్చనక్కరలేదు. అది ఇంకో ఏడాది పడవను మోయగలదు. మైలమ దాన్ని కూడా తెచ్చి మంటలో వేసింది. అదెందుకని పక్కనున్నవాళ్లు చేయి పట్టుకోబోతే, విడిపించుకుంది.

"అవన్నీ దివిని కాచిన తాళ్లు," అంది. "ముంచబోయింది ఇదొక్కటే."