గుసగుస బ్లాక్‌కి గండం

"నీ టూల్‌కి కళ్లు నెత్తికెక్కాయా? నా బ్లాక్‌ని పీకెయ్యమంటోంది!"

అతని మటుకు అతను అరిచాడు. పక్క సీటుకి వినపడితే గొప్ప. ఆఫీసులో అతన్ని గొణుగుడు అనేది ఊరికే కాదు.

చెవి మిషన్‌లో పెట్టే చిప్‌లో, గుసగుసల్ని పట్టుకునే భాగం, అంటే ఆ బ్లాక్, అతని డిజైన్. చిప్‌లో ఏ భాగం బ్యాటరీని ఊరికే తింటోందో పట్టేసే సాఫ్ట్‌వేర్ టూల్ ఆమెది. ఆమెకు లౌడ్‌స్పీకర్ అని పేరు. ఎందుకో నోరు తెరవగానే తెలుస్తుంది.

"నీ బ్లాక్ ఒక్కసారైనా నిద్ర లేచిందా? పని చెయ్యనివాళ్లకి తిండి దండగ!"

కంపెనీ ఆమె మేనత్తది. ఆవిడకే వినికిడి తక్కువ. ఈ చిప్ మొదలైందే అందుకు. సాయంత్రానికల్లా దండగ భాగాలన్నీ తీసెయ్యమంది. తీసేస్తే అతని కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

"టెస్ట్‌కి ఏం సౌండ్ ఇచ్చావ్?" ఆమె అడిగింది.

"నా సీట్లో రికార్డ్ చేసిన మాటలు."

ఆమె ప్లే చేసింది. మొదటినుంచి చివరిదాకా ఆమె గొంతే. ఫోన్‌తో, క్యాంటీన్ వాళ్లతో, ఆఖరికి ప్రింటర్‌తో పోట్లాట.

"ఇందులో గుసగుస ఏదీ?"

"నువ్వున్న గదిలో గుసగుస ఎక్కణ్ణించి తేను?"

ఆమెకి నవ్వాగలేదు. "అవునూ, ఇంతమందుండగా నా గొంతే ఎందుకు?"

అతను నేల చూపులు చూశాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"సరే, రికార్డర్ ఇలా ఇచ్చి అటు తిరుగు. చెవులు మూసుకో."

ఆమె రికార్డర్‌లో గుసగుసగా ఏదో అంది. దాన్ని టెస్ట్‌కి ఇవ్వగానే స్క్రీన్ మీద అంతదాకా చచ్చి పడున్న బ్లాక్ గీత చటుక్కున పైకి లేచింది.

"లేచింది! నా బ్లాక్ లేచింది!"

ఆ కేకకి అత్తయ్య గదిలోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏం వినిపించార్రా దానికి?" అంటూ, మైకూ ఇయర్‌ఫోనూ తగిలించిన చిప్ నమూనా బోర్డు తీసుకుని, ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని ఆ రికార్డింగ్ వేసింది.

"అత్తా, వద్దు!"

ఆవిడ అప్పటికే వినేసింది. "'ఒక్కసారి గట్టిగా అడుగు, కాదంటానా' అంటోంది మా పిల్ల. మాట శుభ్రంగా వినపడింది. బ్లాక్ ఉంచండి." అతని వైపు తిరిగింది. "నీ సంగతేంటి నాయనా?"

అతను ఆమె వైపు తిరిగాడు. ఇప్పుడు గొణిగితే జన్మంతా గొణుక్కోవాల్సిందే.

"నన్ను పెళ్లి చేసుకుంటావా?"

ఆఫీసంతా కుర్చీలు ఇటు తిరిగాయి. లౌడ్‌స్పీకర్ పెదాలు కదిలాయి. అతనికేమీ వినపడలేదు. అతనికి ప్రాణం పోయినంత పనైంది.

"ఏమందీ? మేడమ్, ఏమంది?"

అత్తయ్య ఇయర్‌ఫోన్ సర్దుకుంది.

"సరేనంటోందయ్యా! నీ బ్లాక్‌కి వినపడింది, నీకే వినపళ్లేదు."